ఆదోని నుంచి బెంగళూరు పనికి వస్తున్న కుటుంబం: ఆధార్ అడ్రసు మార్చాలా? షెడ్డా, రూమా? రేషన్, బడి సంగతేంటి?

హగరి గట్టు అడిగారు:

ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం ఉగాది దాటాక బెంగళూరు వస్తోంది. వాళ్ల తరఫున అడుగుతున్నా. ఆయనది తాపీ పని, ఆమె హెల్పరు. పిల్లలు ముగ్గురు. ఒకడు నాలుగో తరగతి, ఒకతి ఒకటో తరగతి, చిన్నపాపకు నాలుగేళ్లు. ముసలమ్మ ఊళ్లోనే ఉంటుంది, ఆమెకు పింఛను వస్తుంది. మేస్త్రీ వర్తూరు వైపు సైటు చెప్పాడు. అడ్వాన్సు ఇంకా తీసుకోలేదు.

తలా ఒక మాట చెబుతున్నారు. ఆధార్‌లో బెంగళూరు అడ్రసు వేయించుకుంటే ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని ఒకరు, వేయిస్తే ఊళ్లో ఉన్నవన్నీ ఊడిపోతాయని ఇంకొకరు. ఊరి బియ్యం కార్డు అక్కడ నడుస్తుందా? షెడ్డులో ఉండాలా, రూము తీసుకోవాలా? పిల్లల్ని తీసుకురావాలా, అవ్వ దగ్గర వదలాలా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

---

రేషన్ సంచి:

ఆధార్ అడ్రసు జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక ఏడాది గడవనివ్వండి.

కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ ఇచ్చేది శక్తి పథకం, 2023 జూన్ 11న మొదలైంది. కర్ణాటక అడ్రసున్న గుర్తింపు కార్డు చూపిస్తేనే సున్నా టికెట్ కొడతారు. ఆదోని ఆధార్ చూపిస్తే కండక్టరు డబ్బులు అడుగుతాడు, అందులో అతని తప్పేం లేదు. అడ్రసు మార్చుకుంటే ఆ ఫ్రీ దొరుకుతుంది, నిజమే. కానీ సైటు పక్కనే ఉండే మనిషి నెలకు ఎన్నిసార్లు సిటీ బస్సెక్కుతుంది? అదీగాక 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో కూడా ఇలాంటిదే స్త్రీశక్తి నడుస్తోంది, దానికి ఆంధ్రా అడ్రసు కావాలి. బెంగళూరు–ఆదోని బస్సుకు మాత్రం రెండూ చెల్లవు, అది అంతర్రాష్ట్ర సర్వీసు.

అడ్రసు మారినంత మాత్రాన బియ్యం కార్డు దానంతటదే రద్దు కాదు. ఇంటింటి సర్వేలోనో, సచివాలయం మ్యాపింగులోనో కుటుంబం వేరే రాష్ట్రంలో ఉందని రాసుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. అవ్వ పింఛను 4,000 ఒకటో తారీకున ఇంటికొచ్చి ఇస్తారు. ఆమె కొడుకు దగ్గరికి రావాలనుకుంటే పింఛను చేతికందాకే బస్సెక్కాలి.

అడ్రసు కన్నా ముందు ఫోన్ నంబరు చూసుకోండి. ఆధార్‌కు లింకైన నంబరు బతికుండాలి. చాలామంది బెంగళూరు రాగానే ఏదో ఆఫర్ చూసి కొత్త సిమ్ తీసుకుంటారు, పాతది రీచార్జి లేక చచ్చిపోతుంది. ఆ తర్వాత ఏ పనికైనా ఓటీపీ పోయేది ఆ చచ్చిన నంబరుకే. బయల్దేరే ముందే ఆదోనిలో నంబరు సరిచేయించుకోండి.

ఇక రేషన్. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఊరి కార్డుతో బెంగళూరులో ఏ రేషన్ షాపులోనైనా (ఇక్కడ న్యాయబెలె అంగడి అంటారు) బియ్యం తీసుకోవచ్చు. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డయితే కుటుంబానికి 35 కిలోలు. డబ్బు కట్టక్కర్లేదు. అయితే మెలిక ఉంది. ఆంధ్రాలో ఉన్న బియ్యం కార్డులన్నీ కేంద్ర ఆహార భద్రత చట్టం లెక్కలో ఉండవు, కొన్ని రాష్ట్రం సొంతంగా ఇచ్చినవి. అవి సరిహద్దు దాటితే చెల్లవు. మేరా రేషన్ యాప్‌లో కార్డు నంబరు కొడితే ఏ రకమో తెలుస్తుంది. బయల్దేరే ముందు చేయాల్సిన పని ఇదే.

కార్డు చెల్లుతున్నా మూడు చోట్ల పని ఆగుతుంది.

ఒకటి, వేలిముద్ర. తాపీ పనివాళ్ల వేళ్లు సిమెంటుకు అరిగిపోయి ఉంటాయి, ఈపాస్ మిషన్ పట్టదు. కార్డులో పేరున్న ఎవరి వేలైనా సరిపోతుంది కాబట్టి భార్యను పంపాలి. ఆమె కూడా సిమెంటు కలిపే పనిలో ఉంటే ముందురోజు రాత్రి కొబ్బరినూనె రాసుకుని పొద్దున సబ్బుతో కడుక్కుని వెళ్తే పట్టే అవకాశం ఎక్కువ. బొటనవేలు ఒక్కటే నొక్కుతూ కూర్చోకుండా ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా పెట్టి చూడమనండి.

రెండు, ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం) కాని పేర్లు. ఇవి ఊళ్లోనే చేయించుకుని రావాలి.

మూడు, స్టాక్ లేదన్న మాట. నెలాఖరున పోతే ఇది ఖాయం. నెల మొదట్లో వెళ్లాలి. అసలు ఇవ్వనే ఇవ్వనంటే 14445కు ఫోన్ చేయొచ్చు. షాపులో నిలబడే చేస్తే మేలు.

అవ్వ వాటా సంగతి: కార్డులో కొందరి వాటా ఊళ్లో, కొందరిది ఇక్కడ తీసుకోవచ్చు. కాకపోతే ఇక్కడ మొత్తం కిలోలు కొట్టించేసుకుంటే ఆ నెల అవ్వకు ఏమీ మిగలదు. మిషన్‌లో ఎన్ని కిలోలు కొడుతున్నాడో చూసి వేలు పెట్టమనండి. కర్ణాటక తన కార్డులకు పైన ఇచ్చేది ఏదీ మనకు రాదు, దాని కోసం డీలరుతో గొడవ పడొద్దు.

---

ఫ్యూజ్ కట్ట:

షెడ్డు గురించి నేను రాస్తా.

షెడ్లలో రెండు రకాలు. బిల్డరు సైటులోనే కట్టించే లేబర్ క్యాంపు ఒకటి, ఖాళీ ప్లాటులో ఎవరో రేకులేసి అద్దెకిచ్చేది ఒకటి. క్యాంపుకు అద్దె ఉండదు, కానీ పని అయిపోయిన రోజే ఇల్లూ పోయినట్టు. పిల్లలతో వస్తే రానివ్వని క్యాంపులూ ఉన్నాయి, మేస్త్రీని ముందే అడగాలి. ప్లాటు షెడ్డయితే డబ్బు ఎవరి చేతికి పోతోందో కనుక్కోండి. స్థలం ఓనరు ఒకడు, దాన్ని లీజుకు తీసుకుని రేకులేసినవాడు ఇంకొకడు. ఓనరు ఖాళీ చేయమంటే మధ్యలోవాడు ఫోనెత్తడు. 2020 జనవరిలో కరియమ్మన అగ్రహారంలో వలస కూలీల షెడ్లు కూల్చేశారు. హైకోర్టు తర్వాత తప్పుబట్టింది గానీ ఆ రోజు సామాన్లు రోడ్డు మీదే కదా. అందుకే కార్డులు, బ్యాంకు పుస్తకం, బడి కాగితాలు అన్నీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతికందేచోట ఉంచాలి.

స్థలం చూసేటప్పుడు అద్దెకిచ్చేవాళ్ల మాట వినొద్దు, రేకులు చూడండి. పక్క షెడ్ల రేకుల మీద నేల నుంచి జానెడో మూరెడో ఎత్తున ఎర్రమట్టి గీత ఉంటే వానకు నీళ్లు అంతదాకా వచ్చాయని. రాజకాలువె (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) అంచున ఉన్న షెడ్లన్నింటికీ ఆ గీత కనిపిస్తుంది. వర్తూరు, బెళ్లందూరు చెరువుల కింది పల్లాల్లో ఇది మరీ ఎక్కువ. లోపల నేల బయటి కన్నా కనీసం రెండు వరసల హాలో బ్లాకుల ఎత్తు లేకపోతే మే నుంచి అక్టోబరు దాకా తడిలోనే పడుకోవాలి. ఎత్తు లేకుంటే చుట్టూ బ్లాకులు పెట్టి, మధ్యలో సైటు రాళ్లమట్టి పోసి, దిమ్మిసా కొట్టి, పైన పలచగా సిమెంటు వేసుకోవచ్చు. తాపీ చేతిలో ఉన్నవాడికి ఒక ఆదివారం పని.

అసలు ప్రమాదం కరెంటు. ఒక మీటరు నుంచి పది షెడ్లకు వైరు లాగుతారు. ఆ వైరు రేకుల మధ్య సందులోంచి లోపలికి దూరుతుంది. రేకు అంచు కత్తిలా ఉంటుంది. గాలికి రేకు కదిలినప్పుడల్లా వైరు తొడుగును కొంచెం కొంచెం కోస్తుంది. ఒకరోజు రాగి బయటపడి రేకును తాకుతుంది. ఎండాకాలం ఏమీ తెలియదు. తొలివానకు తడిసిన నేల మీద ఒట్టికాళ్లతో నిలబడి రేకు తలుపు పట్టుకున్నవాళ్లను కొడుతుంది, ఎక్కువగా పిల్లల్ని. ఫ్యూజు దీనికి ఎగరదు. మనిషిని చంపే కరెంటు ఫ్యూజుకు లెక్కే కాదు.

చేయాల్సింది: వైరు దూరేచోట రేకుకు బెజ్జం వేసి మూరెడు పీవీసీ పైపు ముక్క పెట్టి, వైరును దాని గుండా తేవాలి. పైపు బయటి కొస కిందికి వంగి ఉండాలి, లేదంటే వాననీళ్లు వైరు పట్టుకుని లోపలికొస్తాయి. షెడ్ల వరస మొత్తానికి మొదట్లో ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించాలి. పది ఇళ్లు పంచుకుంటే తలా కొద్దిగానే పడుతుంది. దానికి టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టప్పున పడిపోవాలి. పడకపోతే అది చెడిపోయినట్టు. రేకు గోడకు మేకు కొట్టి స్విచ్చు బోర్డు తగిలించొద్దు, చెక్క పలక మీద బిగించండి.

గ్యాసుకు సందులో నింపే పొట్టి సిలిండర్లు వద్దు. 5 కిలోల సిలిండరు (ఇండేన్ వాళ్లది ఛోటూ అంటారు) గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రసు కాగితం అడగరు. సందులో నింపేవాళ్లు పెద్ద సిలిండరు తలకిందులు చేసి నింపుతారు. వాల్వు నిలవదు, లోపలి రబ్బరు వాషరు ఉందో లేదో ఎవడూ చూడడు. ఎండకు షెడ్డు చల్లబడాలని పైకప్పు మీద పాత ఫ్లెక్సులు కప్పుతారు, అది మంచిదే. కానీ పొయ్యి వైపు గోడకు మాత్రం ఫ్లెక్సు వేలాడదీయొద్దు.

---

వఠారం నంబర్ 12:

ఫ్యూజ్ కట్ట అన్న చెప్పినవన్నీ కరెక్టే, కానీ ముగ్గురు పిల్లలతో షెడ్డు అనే ఆలోచనే నాకు నచ్చలేదు. వర్తూరు, గుంజూరు లోపలి సందుల్లో వఠారాలున్నాయి. వరసగా గదులు, చివర ఇద్దరు ముగ్గురికి కలిపి ఒక బాత్రూము. వంటగట్టున్న ఒక గదికి ఐదారు వేలు అడుగుతారు. అడ్వాన్సు పాత అలవాటు ప్రకారం పది నెలలని మొదలుపెడతారు గానీ వఠారాల్లో మూడు నెలలకు దిగుతారు. అడగడానికి మొహమాటపడొద్దు. ఖాళీ చేసేటప్పుడు పెయింటు పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఆ మాట ముందే తేల్చుకుని, ఇచ్చిన అడ్వాన్సును ఫోన్‌పేలో పంపండి. నోటుగా ఇస్తే సాక్ష్యం ఉండదు.

కరెంటు దగ్గర జాగ్రత్త. కర్ణాటక గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఫ్రీ అద్దెవాళ్లకూ ఉంది, కానీ ఒక మీటరుకు ఒకరే. ఇంటికి ఇంత అని కోటా కూడా ఉంటుంది: 2022-23 సగటు వాడకానికి పైన ఇంకొంచెం కలిపి. వఠారంలో ఆరు గదులకు ఒకే మీటరుంటే ఆ ఫ్రీ ఓనరు పేరున పోతుంది. బిల్లు సున్నా వచ్చినా గదికి మూడొందలు, నాలుగొందలు వసూలు చేసేవాళ్లున్నారు. మీ గదికి వేరే మీటరు ఉందా, దానికి బెస్కాం (ఇక్కడి కరెంటు కంపెనీ) బిల్లు విడిగా వస్తుందా అని చూసి, పాత బిల్లు ఒకటి చూపించమనండి.

నీళ్లు: వాడకానికి బోరు ఉప్పునీళ్లు, తాగడానికి వీధి ఆర్‌ఓ ప్లాంటులో బిళ్ల వేస్తే 20 లీటర్ల క్యాను. చిల్లర బిళ్లలు దాచుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు.

లీజుకు, అంటే పెద్ద మొత్తం ముందే తీసుకుని నెల అద్దె లేకుండా భోగ్యానికి, ఇల్లిస్తామంటే మొదటి ఏడాది ఒప్పుకోవద్దు. లక్షలు పోసి బ్యాంకు తాకట్టులో ఉన్న ఇంట్లో దిగినవాళ్లు చాలామంది.

---

సుద్దముక్క:

పిల్లల్ని తీసుకురావాలా వద్దా అన్నది డబ్బు లెక్క కూడా. తల్లికి వందనం ఆంధ్రా బడుల్లో చదివే పిల్లలకే. ఇద్దరూ బెంగళూరు బడికి మారితే ఏటా పిల్లకు 13,000 చొప్పున తల్లి ఖాతాలో పడేది ఆగిపోతుంది. ఆ డబ్బు కోసం అవ్వ దగ్గర వదలడం చాలా ఇళ్లలో జరుగుతోంది. నా మాటగా చెప్పాలంటే, ఆరోగ్యంగా ఉన్న అవ్వ, నడిచే బడి ఉంటే నాలుగో తరగతివాణ్ణి ఈ ఏడాదికి అక్కడే చదవనివ్వొచ్చు. ఒకటో తరగతి పిల్లను మాత్రం తల్లితో రానివ్వండి.

బెంగళూరు సర్కారీ బడిలో చేర్చడానికి టీసీ లేదని తిప్పి పంపకూడదు. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు, సెక్షన్ 14 ప్రకారం వయసు కాగితం లేదని కాదనకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. అయినా కాగితాలు తెస్తే పని త్వరగా అవుతుంది: టీసీ, ఆధార్ జిరాక్సు, కుల ధ్రువపత్రం, ఫొటోలు.

వీటన్నింటికన్నా ముఖ్యమైనది ఎవరూ చెప్పరు. యూడైస్ ప్లస్‌లో (బడి పిల్లల వివరాలుండే సర్కారీ ఆన్‌లైన్ రికార్డు) ప్రతి పిల్లకూ పెన్ అని ఒక నంబరుంటుంది. ఊరి హెడ్మాస్టరు ఆ పేరును అందులోని డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలినవాళ్ల జాబితా) వదిలితేనే ఇక్కడి బడి దాన్ని లాక్కోగలుగుతుంది. టీసీ చేతికిచ్చి ఇది మరిచిపోతారు. అప్పుడు పిల్ల ఇక్కడ కూర్చుని చదువుతున్నా ఆన్‌లైన్‌లో ఆదోనిలోనే ఉంటుంది. ఆ పెన్ నంబరు టీసీ వెనకాల రాయించుకోండి, హెడ్మాస్టరు ఫోన్ నంబరు కూడా.

భాష గురించి భయపడక్కర్లేదు. కన్నడ తప్పనిసరి, తెలుగు మీడియం దొరకడం కష్టం. కొన్ని సర్కారీ బళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లున్నాయి. తెలుగు అక్షరాలొచ్చిన పిల్లకు కన్నడ అక్షరాలు సగం పైగా మొహం గుర్తుపట్టేవే. తలకట్టు తేడా ఒకటి అలవాటు కావాలి. మాట్లాడటం వీధిలో రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది, ముఖ్యంగా పక్క వరసలో యాదగిరి, రాయచూరు వాళ్లుంటే. ఇబ్బంది వచ్చేది కన్నడ ఒత్తులు, వాక్యం రాయడంలో. నాలుగో తరగతివాడికి ఇది ఒకటో తరగతి పిల్లకన్నా కష్టం, అందుకే పైన అలా చెప్పా.

నాలుగేళ్ల పాపకు అంగన్వాడీ. తల్లీబిడ్డల కార్డు తెచ్చుకోండి, ఐదేళ్లకు వేసే బూస్టరు టీకా దాన్ని చూసి వేస్తారు. అంగన్వాడీ సాయంత్రం నాలుగింటికల్లా మూస్తారు, సైటు ఆరింటికి వదులుతుంది. ఆ రెండు గంటలకు ఎవరో ఒకరు కావాలి. షెడ్డయినా వఠారమైనా మన ఊరివాళ్లున్న వరసలో దిగమనేది ఇందుకే.

---

ఆదివారం బట్వాడా:

అడ్వాన్సు ఇంకా తీసుకోలేదన్నారు, చాలా మంచిది. తీసుకోవాల్సి వస్తే ఎంత, వారానికి ఎంత కోత అన్నది నోటుబుక్కులో రాసి మేస్త్రీతో సంతకం పెట్టించండి, లేదా వాట్సాప్‌లో వాయిస్ పెట్టించండి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదంటే అది 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ.

డబ్బులు పోయేది కూలి రేటు దగ్గర కాదు, నిలవ దగ్గర. ఆదివారం ఖర్చులకని సగం ఇచ్చి మిగతాది లెక్కలో ఉందంటారు. రెండు వారాల కన్నా ఎక్కువ నిలవ పడనివ్వొద్దు. ప్లాస్టరింగు చదరపు అడుగు లెక్కకు ఒప్పుకుంటే కొలత మీ ముందే తీయాలి. కిటికీలు, తలుపుల ఖాళీలు కోస్తారా లేదా, అంచులకు విడిగా కడతారా అన్నది పని మొదలుకాక ముందే మాట్లాడుకోవాలి. పని అయ్యాక ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు.

మొదటి రోజే సైటు గేటు దగ్గరి బోర్డు ఫొటో తీసుకోండి. బిల్డరు పేరు, పీఆర్‌ఎం/కేఏ/రెరా అని మొదలయ్యే ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు అందులో ఉంటాయి. మేస్త్రీ ఎగ్గొట్టి మాయమైతే కింది కాంట్రాక్టరు కట్టని కూలి పైవాడు కట్టాలని చట్టం. ఆ పైవాడెవడో చూపించేది ఆ ఫొటోయే. రోజూ హాజరు పుస్తకం పేజీ కూడా ఒక ఫొటో. లేబర్ ఆఫీసులు చాలావరకు బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవనంలో ఉన్నాయి.

అవే ఫొటోలు లేబర్ కార్డుకూ పనికొస్తాయి. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినట్టు ధ్రువపత్రం ఉంటే భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదవ్వొచ్చు. దానికి కర్ణాటక మనిషే కానక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా చేయించుకోవాలి. ఏజెంటు రెండు వేలకు కార్డు తెస్తానంటే వద్దనండి. దొంగ కార్డులు ఏరేసేటప్పుడు అవే ముందు పోతాయి.

సైటులో పడి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో మొదట రాయించే మాటే మొత్తం. పక్కన వచ్చిన సూపర్‌వైజరు "ఇంట్లో జారిపడ్డాడు" అని చెప్పేస్తాడు, చీటీలో అదే ఎక్కుతుంది. ఆ తర్వాత నష్టపరిహారం కేసు నిలవదు. సైటు పేరుతో సహా "పనిలో పడ్డాడు" అని రాయించి, ఎమ్మెల్సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) చేయమని అడగాలి. ఇది భార్యకు ముందే నేర్పండి, పడ్డవాడు మాట్లాడే స్థితిలో ఉండడు.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా ఇద్దరికీ రాయించండి, ప్రమాదంలో పోతే 2 లక్షలు. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 లేక చాలామందికి ఆగిపోతుంది.

---

హగరి గట్టు:

అందరికీ దండాలు. ఆధార్ అడ్రసు కదపడం లేదు. యాప్‌లో చూశాం, కార్డు కేంద్రం లెక్కలోదే. మొదటి రెండు వారాలు ఆయనొక్కడే వచ్చి రూము చూస్తాడు. ఒక్క సందేహం మిగిలింది. పాపది నీలం ఆధార్ (ఐదేళ్ల లోపు పిల్లలకిచ్చేది), వేలిముద్రల్లేవు. ఆమె 5 కిలోలు వస్తాయా?

---

రేషన్ సంచి:

వస్తాయి. కార్డులో పేరు, ఆధార్ నంబరు ఎక్కి ఉంటే చాలు, వేలు తల్లిది పెట్టొచ్చు. ఐదేళ్లు నిండగానే పాప వేలిముద్రలు, కళ్లు ఎక్కించాలి. ఐదు నుంచి ఏడేళ్ల లోపు ఉచితం, బెంగళూరులో ఏ ఆధార్ సెంటరులోనైనా చేస్తారు. అక్కడొకటి గమనించండి. ఆపరేటరు ఇప్పుడెక్కడ ఉంటున్నారని అడుగుతాడు, వాళ్లు వర్తూరు అంటారు, అతను అడ్రసు కూడా మార్చేస్తాడు. బయోమెట్రిక్ ఒక్కటే అని ముందే చెప్పి, చీటీ మీద ఆదోని అడ్రసే ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టమనండి.